మళ్ళీ కోయించుకోవాలా

నవంబర్ 4

పొద్దున రెండు ఇడ్లీలు తిన్నాను. ఆగాయి.

సాయంత్రం: రెండు కాదు, ఒకటిన్నర. ఆగింది కూడా కాసేపే. మొన్నటికంటే నయం.

నవంబర్ 5

కంపెనీ బస్సు ఇస్నాపూర్ దాటగానే హైవే పక్కన నేను కనిపిస్తాను. రెండంతస్తుల ఎత్తు ఫ్లెక్సీ. ఎడమవైపు నూట ముప్పై నాలుగు కిలోల నేను, చొక్కా గుండీల మధ్య బనియన్ కనిపిస్తూ. కుడివైపు సన్నబడిన నేను, చేతులు కట్టుకుని, నవ్వుతూ. కింద ఎర్రటి అక్షరాలు: "హరినాథ్ గెలిచాడు. మరి మీరు?"

బస్సులో ఎవడో ఒకడు రోజూ నా వీపు మీద చరుస్తాడు, హీరో అంటాడు. నేను కావాలనే రెండో పక్క కూర్చుంటాను. అయినా ఆ మలుపు రాగానే మెడ అటే తిరుగుతుంది.

ఆ ఫొటో ఆసుపత్రి డాబా మీద తీశారు. అంతకుముందే కింద బాత్రూంలో కక్కి, మూతి కడుక్కుని పైకి ఎక్కాను. ఫొటోగ్రాఫర్ పళ్ళు కనపడాలన్నాడు. కనపడ్డాయి. ఫ్లెక్సీకి ఒప్పుకుంటే బిల్లు తగ్గిస్తామన్నారు, ఒప్పుకున్నాను. నా తప్పేముంది ఇందులో? మోకాళ్ళు మెట్లెక్కనిచ్చేవి కావు. షుగర్ వచ్చింది. పర్మనెంట్ చేసే ముందు జరిగే మెడికల్‌లో నా బరువు చూసి పేరు పక్కన పెట్టారు. కోయించుకున్నాను. సంచిలా ఉన్న కడుపును కోసి గొట్టంలా కుట్టారు. ఏడాదిన్నర అయింది. ఆ గొట్టం మధ్యలో ఎక్కడో బిగుసుకుపోయింది. నోట్లోంచి బెలూన్ పంపి రెండుసార్లు వెడల్పు చేశారు. రెండుసార్లూ నెల తిరక్కుండానే బిగుసుకుంది. మళ్ళీ వెళ్తే నన్ను కోసిన డాక్టరు నా ముఖం కూడా చూడలేదు. నమిలి తినవయ్యా, అంతా నీ చేతిలోనే ఉంది అన్నాడు.

నములుతున్నాను. మంచినీళ్ళు కూడా నములుతున్నాను. వాడి నోట్లో మన్నుపడ.

నవంబర్ 7

బాలరాజ్ రియాక్టర్‌లోకి దిగాడు, నేను తాడు పట్టాను.

ఉక్కుతో చేసిన బావి అది. అడుగున మందు గడ్డకట్టి అంటుకుంటే మనిషి దిగి గీకాలి. పైన ఒక మనిషి కష్టం మీద పట్టేంత రంధ్రం. దిగేవాడి నడుముకు బెల్టు, బెల్టుకు తాడు, తాడు చివర బయట ఇంకో మనిషి. మా మందుల ప్లాంటులో ఒక పద్ధతి ఉంది, ఏ కాగితంలోనూ రాసి ఉండదు. తాడు ఎవరు పట్టాలో దిగేవాడే చెప్తాడు. ఇన్‌చార్జి ప్రభాకర్ సార్ కూడా కాదనడు. బాలరాజ్ చేరినప్పటి నుంచీ నన్నే అడుగుతాడు. అప్పట్లో నేను ఆ రంధ్రంలో పట్టేవాణ్ణి కాదు. కానీ తాడు పట్టి కూర్చున్నానంటే నన్ను కదపడం ఎవరి తరమూ కాదు. "ఈడు గూసున్నడంటే బండరాయికి కట్టేసినట్టే" అని బాలరాజ్ అందరికీ చెప్పేవాడు. లావుగా ఉన్నందుకు నన్ను మెచ్చుకున్నవాడు వాడొక్కడే.

ఇప్పుడు యాభై ఆరు కిలోలు. అయినా నన్నే పిలుస్తాడు. లోపలి నుంచి రెండుసార్లు తాడు గుంజితే బాగున్నానని. నేను తిరిగి రెండుసార్లు గుంజితే విన్నానని. ఈరోజు బాగానే పట్టాను. మధ్యలో ఒకసారి కళ్ళు బైర్లు కమ్మాయి. ఎండ వల్ల.

షెడ్డు లోపల ఎండేమిటి.

నవంబర్ 9

పాదాల్లో తిమ్మిరి. చలి మొదలైంది కదా.

నవంబర్ 10

చలి వల్ల కాదు. మధ్యాహ్నం ఎండలో కూర్చున్నా అరికాళ్ళలో చీమలు పాకుతూనే ఉన్నాయి.

నవంబర్ 12

ఏమీ కాలేదు. ముందు అది రాసుకోవాలి. ఎవరికీ ఏమీ కాలేదు.

బాలరాజ్ లోపల ఉన్నాడు. నాకు నోట్లో పుల్లటి నీళ్ళు ఊరాయి. మింగాను. మళ్ళీ ఊరాయి. తాడును మోచేతికి చుట్టుకుని పక్కకు వంగి కక్కాను, పచ్చటి పసరు. అక్కడిదాకా గుర్తుంది. తర్వాత నేను నేల మీద కూర్చుని ఉన్నాను, తల మోకాళ్ళ మీద ఉంది, ఎదురుగా బాలరాజ్ బూట్లు ఉన్నాయి. వాడే నిచ్చెన పట్టుకుని ఎక్కి వచ్చాడు. ముఖం నిండా తెల్లటి పొడి, కళ్ళు మాత్రం ఎర్రగా. నా మోచేతికి చుట్టుకున్న తాడును విప్పాడు, చుట్ట చుట్టాడు, కొక్కేనికి తగిలించాడు. ప్రభాకర్ సార్ అటుగా వస్తే పని అయిపోయిందని చెప్పాడు.

కాలేదు. సగం గడ్డ లోపలే ఉంది.

నవంబర్ 13

ఈరోజు మిగతా సగం గీకడానికి దిగాలి. నేను తాడు తీసుకుని నిలబడ్డాను. బాలరాజ్ నా వైపు చూడకుండా, ఇయ్యాల నరేష్ పడ్తడు సార్ అన్నాడు. అందరి ముందూ. ప్రభాకర్ సార్ నన్ను చూశాడు, నరేష్‌ను చూశాడు, సరే అన్నాడు. ఏళ్ళ తరబడి నేను పట్టిన తాడు. నరేష్ నా చేతుల్లోంచి తీసుకుంటూ సారీ అన్నా అన్నాడు. వాడి సారీ ఎవడిక్కావాలి.

డ్యూటీ దిగాక గేటు బయట చాయ్ బండి దగ్గర బాలరాజ్‌ను పట్టుకున్నాను. ఇజ్జత్ తీశావు కదరా అన్నాను. వాడు చాయ్ తాగడం ఆపలేదు.

"దోస్తువని సార్‌కు చెప్పలె. దోస్తువని నా పానం కూడ నీ చేతుల పెట్టాల్నా?"

నాకేం కాలేదు, కొంచెం కళ్ళు తిరిగాయి అన్నాను.

"నిన్న నాలుగుసార్లు గుంజిన హరీ. ఎవ్వడు పలకలె. లోపట ఎట్లుంటదో ఎరికేనా నీకు? నువ్వెన్నడన్న దిగినవా?"

దిగలేదు. అంత లావుగా ఉన్నప్పుడు దిగలేకపోయాను, ఇప్పుడు దిగమని ఎవరూ అడగలేదు. వాడు గ్లాసు బండి మీద పెట్టి, మెల్లగా, ఎవరికీ వినపడకుండా అన్నాడు, "ఫ్లెక్సీల నవ్వెటోడు వేరే ఉన్నడు. నువ్వు సస్తున్నవ్రా. పెద్ద డాక్టర్‌కు సూపిచ్చుకో."

నవంబర్ 14

వాడితో మాట్లాడను. జన్మలో మాట్లాడను.

నవంబర్ 15

వాడే బండి మీద తీసుకెళ్ళి ఈఎస్ఐ ఆసుపత్రిలో పెద్ద డాక్టరుకు చీటీ రాయించాడు. దారి పొడుగునా ఇద్దరం మాట్లాడుకోలేదు.

నవంబర్ 18

సిటీలో పెద్దాసుపత్రి. డాక్టర్ నిహారిక. నా అంత వయసే ఉంటుందనిపించింది, ఉండదు. ఏదో తాగించి ఎక్స్‌రేలు తీశారు, తర్వాత గొంతులోంచి కెమెరా పంపారు. బట్టను పిండినట్టు నా కడుపు మధ్యలో మెలిక పడిందని, బెలూన్‌తో మెలిక పోదని చెప్పింది. తర్వాత నా చెప్పులు విప్పించి, పాదాల మీద దూదితో రాసి, ఎక్కడ తగులుతుందో చెప్పమంది. ఎడమ పాదం మీద రాయడం మొదలుపెట్టలేదనుకున్నాను. ఎప్పుడో మొదలుపెట్టిందట.

కక్కీ కక్కీ ఒంట్లో విటమిన్ పోయి నరాలు దెబ్బతింటున్నాయట. ఆ ఇంజక్షన్లు ఈరోజే మొదలుపెట్టారు. ముక్కులోంచి సన్న గొట్టం వేసి, మెలిక దాటించి, కొన్నాళ్ళు దాని గుండా తిండి పంపి, ఒంట్లోకి కొంచెం బలం వచ్చాక మళ్ళీ కోస్తారట. మెలికకు పైన కడుపును తెంపి, చిన్న ఉండంత మిగిల్చి, పేగును తెచ్చి దానికి అతికిస్తారు. జీవితాంతం మాత్రలు. అతుకు కారితే మళ్ళీ ఐసీయూ. వందలో ఇద్దరు ముగ్గురికి కారుతుందట. నాలాగా చిక్కిపోయినవాళ్ళకు ఇంకొంచెం ఎక్కువే.

మరి మొదటి డాక్టర్ ఏం కోశాడు మేడమ్ అని గట్టిగానే అరిచాను. బయట లైనులో ఉన్నవాళ్ళు కూడా లోపలికి తొంగిచూశారు. ఆమె ఆ డాక్టరు గురించి ఒక్క మాటా అనలేదు. నేను అరవడం అయ్యేదాకా ఆగింది.

ఈసారి బాగవుతుందని గ్యారంటీ ఇస్తారా అన్నాను.

"ఇవ్వను" అంది.

మొదటివాడు ఇచ్చాడు గ్యారంటీ. నవ్వుతూ ఇచ్చాడు. ఆపరేషన్ వద్దంటే ఏమవుతుందని అడిగాను. బెలూన్ ఇంకోసారి వేసి చూడొచ్చు, కొన్నాళ్ళు ఆగుతుందేమో, కక్కడం ఆగకపోతే నరాలు పోతూనే ఉంటాయి, పోయినవన్నీ తిరిగి వస్తాయని చెప్పలేను అంది. తొందరేం లేదు, ఆలోచించుకో అంది. మళ్ళీ తనే, మరీ ఎక్కువ ఆలోచించేంత టైం కూడా లేదు అంది.

నవంబర్ 19

కోత అంటే భయం లేదు నాకు. ఒకసారి అయిందిగా.

నవంబర్ 20

మత్తంటే భయం.

ఎవరికీ చెప్పలేదు. నేను చేరిన కొత్తలో పక్క షెడ్డులో ఒకాయన రియాక్టర్ మూత తీసి లోపల ఎంత మిగిలిందో చూద్దామని తల పెట్టాడు. దిగలేదు, తల మాత్రమే పెట్టాడు. లోపల గాలి లేదు, నిండా నైట్రోజన్ ఉంది. దానికి వాసన లేదు, రంగు లేదు, దగ్గు కూడా రాదు. రెండు ఊపిర్లు. మేము లాగి పడుకోబెట్టేసరికి అయిపోయింది. నన్ను ఇప్పటికీ వదలనిది ఆయన ముఖం. అందులో భయం లేదు. చచ్చిపోతున్నానని ఆయనకు తెలియనే లేదు.

మొదటి ఆపరేషన్‌లో ముఖం మీద మాస్కు పెట్టి, గట్టిగా ఊపిరి తీసుకో అన్నారు. ఒకటి తీసుకున్నాను. రెండోది తీసుకున్నట్టు గుర్తు లేదు. అప్పుడు ఆసుపత్రి నిండా రంగురంగుల ఫొటోలు ఉన్నాయి కాబట్టి భయపడలేదు. మూర్ఖుణ్ణి. ఇప్పుడు చదివాను. ఫోన్‌లో దొరికిందంతా చదివాను. ఇంగ్లీషులో ఉన్నది ఒక్కో మాట వెతుక్కుంటూ చదివాను. చదివే కొద్దీ ఊపిరి చిన్నదవుతోంది.

బెలూన్ చాలు. ఇంకోసారి బెలూన్ వేయించుకుంటాను. నమిలి తింటాను.

నవంబర్ 21

బెలూన్.

నవంబర్ 24

జోగిపేట దాకా బస్సులో, అక్కడి నుంచి ఆటోలో ఊరికి. అమ్మ వాకిట్లో వడ్లు ఆరబోసింది. కింద పరిచింది నా ఫ్లెక్సీ. వర్షాలకు పాతది చిరిగితే కొత్తది కట్టారు, పాతది నేనే అడిగి తెచ్చి ఇచ్చాను, ఊళ్ళో చూపించుకుంటుందని. నా లావు పొట్ట మీద వడ్లు, నా నవ్వు మీద వడ్లు. అమ్మ కాలితో వాటిని నెరుపుతోంది.

కల్లు తెప్పించి పెట్టింది, కడుపు చల్లబడుతుందని. రెండు గుక్కలు తాగాను. గొంతు నుంచి బొడ్డు దాకా నిప్పు. గోడ వెనక్కి వెళ్ళి కక్కి వచ్చేసరికి అమ్మ చెంబు నీళ్ళతో నిలబడి ఉంది. ఇక దాచడానికి ఏముంది. అంతా చెప్పాను. మెలిక, పాదాలు, మళ్ళీ కోయడం, వందలో ఇద్దరు ముగ్గురు. మత్తు సంగతి చెప్పలేదు.

వడ్ల మీదికి వచ్చిన కోడిని తోలింది. తర్వాత అంది:

"లావున్నప్పుడు నాకు మంచిగనే ఉంటివి కొడుకా. ఎవడో నవ్విండని కోసుకున్నవ్. వాడేడున్నడు ఇప్పుడు? వాడొచ్చి పడ్తడా నీ వాంతి?"

కోపం వచ్చింది. షుగర్ గురించి, మోకాళ్ళ గురించి, మెడికల్ గురించి అరిచాను. అవన్నీ నిజమే. కానీ అరుస్తున్నప్పుడు నా కళ్ళ ముందు కనిపించింది షుగర్ కాదు. పెళ్ళిచూపులకు వెళ్ళినప్పుడు ఆ ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీ నా కింద విరగడం, లోపలి గదిలో ఆడపిల్లలు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వడం. అది అమ్మ కూడా చూసింది.

నేను అలిసిపోయాక అడిగింది, ఆ డాక్టరమ్మ ఏమన్నదిరా మరి అని. గ్యారంటీ ఇవ్వనందని చెప్పాను.

"అబద్ధం జెప్పలె గదా" అంది.

సంతకం పెట్టడానికి వస్తావా అంటే, వడ్లు ఎత్తినాక వస్తానంది. నేను సంతకం గురించి ఎందుకు అడిగాను? ఇంకా ఏదీ అనుకోలేదు కదా.

నవంబర్ 27

చేరాను. గొట్టానికి మాత్రమే. ఆపరేషన్‌కు కాదు, ఆ మాట గట్టిగా చెప్పే చేరాను. ముక్కులోంచి దించుతుంటే వాచ్‌మన్‌కు కూడా వినపడేలా తిట్టాను. నర్సు, తిట్టు తమ్ముడూ, తిడుతుంటే గొంతు తెరుచుకుని గొట్టం జల్దీ దిగుతుంది అంది.

డిసెంబర్ 2

కక్కడం లేదు. నిజంగా. పాల లాంటిది ఒకటి సన్నగా, రోజంతా గొట్టంలో దిగుతూ ఉంటుంది. ముఖం కొంచెం నిండింది. మెట్లెక్కి దిగాను. బాలరాజ్ సెలవు రోజున వచ్చి కూర్చున్నాడు. ముక్కుకు తాడు కట్టిచ్చుకున్నవేందిరా, ఎవనికి అమ్ముదాం నిన్ను, సంగారెడ్డి అంగట్ల మంచి రేటొస్తది అన్నాడు. నవ్వాను. కుట్లు లేవు కాబట్టి నవ్వగలిగాను.

మరి ఇంత బాగైతే ఆపరేషన్ ఎందుకు?

డిసెంబర్ 4

అదే అడిగాను డాక్టర్ నిహారికను. మెలిక ఎక్కడికీ పోలేదు, గొట్టం దాన్ని దాటి తిండి వేస్తోంది, గొట్టం తీసేస్తే మళ్ళీ అదే నువ్వు అంది. బెలూనే కావాలంటే బెలూనే వేస్తాను, నీ ఒళ్ళు నీదే అంది. అలా అంటుందనుకోలేదు. తిడుతుందనుకున్నాను. తిడితే నేను తిరిగి అరిచేవాణ్ణి, ఆ గొడవలో ఏదో ఒకటి తేలిపోయేది.

పాదాల గురించి అడిగింది. బాగున్నాయన్నాను.

డిసెంబర్ 6

మత్తు ఇచ్చే డాక్టరు ముందుగా వచ్చి చూసి వెళ్ళాడు. పళ్ళు కదులుతున్నాయా, ఆస్తమా ఉందా అని అడిగాడు. నేను నైట్రోజన్ సంగతి అడిగాను. ఆయనకు మొదట అర్థం కాలేదు. చెప్పాక పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు. ఆపరేషన్ అయ్యేదాకా నీ తల దగ్గరే ఉంటాను, నీ ప్రతి ఊపిరీ నా ఎదురుగా తెర మీద కనిపిస్తుంది అన్నాడు. మంచి మనిషే.

నేను కూడా బాలరాజ్ తల దగ్గరే ఉన్నాను ఆరోజు.

డిసెంబర్ 11

ఆపరేషన్ సంగతి ఇవాళ చెప్పాలి, లేకపోతే రేపటికి ఇంకెవరి పేరో వేస్తాం అన్నారు. సరే అన్నాను. పొద్దున మొదటి కేసు నాదే. అమ్మ వచ్చింది. బొంతపల్లి వీరన్న గుడి నుంచి బండారు పొట్లం తెచ్చి, ఆ పసుపు నా నుదుట రాసింది. సంతకం నేను పొద్దున పెడతానన్నాను. పెన్ను సరిగా రాయడం లేదని చెప్పాను. పెన్ను బాగానే రాస్తుంది, దీంతోనే రాస్తున్నాను ఇది.

డిసెంబర్ 12

పారిపోయాను. జరిగింది జరిగినట్టు రాస్తాను, టైం లేదు.

తెల్లవారుతుండగా లేచాను. అమ్మ మంచం పక్కన నేల మీద చాప వేసుకుని పడుకుని ఉంది. సొంత చొక్కా తొడుక్కున్నాను, ముక్కు గొట్టం కనపడకుండా మంకీ క్యాప్ లాక్కున్నాను, చెప్పులేసుకుని అమ్మ కాళ్ళు దాటి బయటికి నడిచాను. ఎవరూ ఆపలేదు. గేటు దగ్గర కుక్క కూడా ఆపలేదు. రోడ్డు మీద చలిగాలి తగలగానే ప్రాణం లేచి వచ్చింది. బతికాను అనుకున్నాను, నిజంగా ఆ మాటే అనుకున్నాను. పటాన్‌చెరు బస్సు వస్తుంటే దాని వెనక పరిగెత్తాను కూడా. ఎక్కి కడ్డీ పట్టుకుని నిలబడ్డాను.

కండక్టరమ్మ నా దాకా వచ్చి, టికెట్ అడగకుండా కిందికి చూసింది.

"ఏంది తమ్మీ, ఒక్క చెప్పే ఏసుకొచ్చినవ్?"

చూశాను. కుడికాలికి చెప్పు ఉంది. ఎడమకాలికి లేదు. అరికాలి కింది నుంచి రక్తం కారి బస్సు రేకు మీద మరకలు మరకలుగా ఉంది, మెట్ల దగ్గర నుంచి నేను నిలబడ్డ చోటు దాకా. చెప్పు ఎక్కడ ఊడిందో తెలియదు. ఏం గుచ్చుకుందో తెలియదు. పరిగెత్తాను కదా, నేల తగిలిందో లేదో కూడా తెలియదు. నా కాలు నాతో చెప్పలేదు.

తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచాను. నేల చూసుకుంటూ నడిచాను, చెప్పు కోసం కాదు, ఎక్కడ పోయిందో చూద్దామని. దొరకలేదు. మాస్కు పెడితే తెలియకుండా పోతానని కదా పారిపోయాను. ఇక్కడ మెలకువతో, నడిరోడ్డు మీద, తెలియకుండానే పోతున్నాను. కొంచెం కొంచెంగా, కాళ్ళ దగ్గర నుంచి.

అమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది, కొంగు నోట్లో కుక్కుకుని. నన్ను చూసి తిట్టలేదు. మెట్ల మీద కూర్చోబెట్టి, నా కాలు ఒళ్ళో పెట్టుకుని, అరికాల్లోంచి గాజు పెంకు లాగింది.

"నొస్తుందా?"

లేదన్నాను. గాయం మీద బొటనవేలితో గట్టిగా నొక్కింది.

"గిప్పుడు?"

లేదన్నాను. అమ్మ ఇంకా గట్టిగా నొక్కింది. నా కాలు వదల్లేదు. తర్వాత కొంగుతో తుడిచి, "పా, లోపల్కి" అంది.

నేను అడగకుండానే నర్సు తన పెన్ను ఇచ్చింది. సంతకం పెట్టాను. పేరు సగం గీత దాటింది, మళ్ళీ పెట్టమంటే మళ్ళీ పెట్టాను. కాలికి కట్టు కట్టారు. డాక్టర్ నిహారిక వచ్చి చూసింది, ఎక్కడికి వెళ్ళావని అడగలేదు. పాదాలు బాగున్నాయన్నావు అంది. అబద్ధం చెప్పానన్నాను. తెలుసు అంది. మొదటి కేసు వేరేవాళ్ళది వేశారు, రెండోది నాది.

భయం పోలేదు. ఇది చదివి ఎవడైనా ధైర్యం వచ్చిందనుకుంటే వాడి పళ్ళు రాలగొడతాను. కడుపు కింద నుంచి గొంతు దాకా భయమే ఉంది, పేగులకు ఖాళీ లేదు.

తలకు ఆకుపచ్చ టోపీ పెట్టారు. చక్రాల మంచం బయటికి వచ్చింది. అమ్మ ఈ పుస్తకం పట్టుకుంటానంటోంది. ఇవ్వను. దిండు కింద పెడుతున్నాను. ఎవరూ ముట్టుకోవద్దని చెప్పాను. నేనే వచ్చి తీసుకుంటాను.